దారి చెప్పినవాడు: లైప్‌జిగ్ తీర్పు, ఇంటర్నెట్ పేర్ల పుస్తకం

2023 మార్చి 1న జర్మనీలోని లైప్‌జిగ్ ప్రాంతీయ న్యాయస్థానం ఒక తీర్పు వెలువరించింది. వాది సోనీ మ్యూజిక్ సంస్థ జర్మన్ శాఖ. ప్రతివాది క్వాడ్‌నైన్ అనే స్విస్ ధర్మసంస్థ. ఆ సంస్థ పాటలు అమ్మదు, దాచదు, పంచిపెట్టదు. ఎవరైనా ఒక వెబ్‌సైటు పేరు అడిగితే దాని అంకెల చిరునామా ఏమిటో చెబుతుంది, అంతే. అందుకు రుసుము కూడా పుచ్చుకోదు. అయినా, అనుమతి లేకుండా ఎక్కించిన పాటల దగ్గరికి దారి చూపే ఒక సైటు చిరునామాను అడిగినవారికి చెప్పినందుకు, కాపీహక్కు ఉల్లంఘనలో ఆ సంస్థే స్వయంగా దోషి అని న్యాయస్థానం నిర్ణయించింది. తొమ్మిది నెలల తరువాత డ్రెస్డెన్ ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది.

దారి చెప్పినవాడికి ప్రయాణంతో ఉన్న సంబంధం ఎంత? ఈ ప్రశ్న న్యాయమూర్తుల ముందుకు రావటానికి పదేళ్ళకు ముందే ఇంజినీర్ల ముందుకు వచ్చింది. వాళ్ళు దానిని ఇంకో రకంగా అడిగారు: దారి ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి మనకు అందే సరుకు మారుతుందా? వాదించటం కంటే కొలిచి చూడటం మేలనుకున్నారు. ఆ కొలతలనూ ఈ తీర్పులనూ కలిపి చదివితే తప్ప ఈ వ్యవహారంలో అసలు చిక్కు ఎక్కడుందో బోధపడదు.

ఒక్క ఫైలు నుంచి ఒక వ్యవస్థకు

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో కంప్యూటర్లు వందల్లో ఉన్న కాలంలో వాటి పేర్లూ చిరునామాలూ అన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ నాయకత్వంలో ఒక చిన్న బృందం ఆ ఫైలును నిర్వహించేది. కొత్త కంప్యూటరు చేరితే ఆ బృందానికి కబురు చేయాలి. మిగతావారు ఆ ఫైలును ఎప్పటికప్పుడు తమ యంత్రాలలోకి దింపుకోవాలి. వల పెరిగేకొద్దీ ఈ పద్ధతి పనికిరాదని తేలిపోయింది.

1983లో పాల్ మొకపెట్రిస్ దీనికి ప్రత్యామ్నాయం రూపొందించాడు. అదే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్‌ఎస్. 1987లో దాని ప్రమాణాలు ఈనాటికీ నిలిచి ఉన్న రూపానికి వచ్చాయి. అందులో కీలకమైన ఊహ ఒక్కటే: పుస్తకమంతా ఒకరి దగ్గరే ఉండనక్కర్లేదు. ఎవరి పుట వాళ్ళ దగ్గర ఉండవచ్చు. ఏ పుట ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు.

వాడుకరి కంప్యూటరు ఈ తిరుగుడంతా తాను తిరగదు. రిజాల్వర్ అనే మధ్యవర్తిని అడుగుతుంది. రిజాల్వర్ ముందు మూల సర్వర్లను అడిగి, అవి చూపిన దేశపు సర్వరును అడిగి, అది చూపిన సైటు సొంత సర్వరును అడిగి, చివరికి చిరునామా తెచ్చి ఇస్తుంది. తెచ్చిన జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి జవాబుకూ ఇంత ఆయుష్షని సెకన్లలో రాసి ఉంటుంది. ఆ గడువు తీరేదాకా మళ్ళీ ఎవరడిగినా జ్ఞాపకం నుంచే చెబుతుంది.

పశ్చిమ జర్మనీకి డాట్ డీఈ అనే పేరు 1986 నవంబరులో దక్కింది. అప్పటికి లైప్‌జిగ్ తూర్పు జర్మనీలో ఉంది. ఆ దేశానికి డీడీ అనే రెండక్షరాల సంకేతం అంతర్జాతీయ పట్టికలో ఉన్నా, ఇంటర్నెట్ మూల పట్టికలోకి మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. 1990 అక్టోబరు 3న దేశమే లేకుండా పోయింది. లైప్‌జిగ్ నగరం ఇంటర్నెట్ పటం మీదికి నేరుగా డాట్ డీఈ పేరుతోనే వచ్చింది.

దగ్గరి గోదాము

మొదట్లో ఒక పేరుకు ఒక చిరునామా ఉండేది. ఎవరు అడిగినా అదే జవాబు. 1990ల చివరికి వెబ్ రద్దీ పెరిగి, ఒకే చోట ఉన్న సర్వరు ప్రపంచానికంతా సమాధానం చెప్పలేని పరిస్థితి వచ్చింది. 1998లో ఎం.ఐ.టి.కి చెందిన గణితవేత్త టామ్ లైటన్, అతని విద్యార్థి డేనియల్ లూయిన్ కలిసి ఆకమాయ్ అనే సంస్థను స్థాపించారు. ఒకే సరుకు నకళ్ళను ఊరూరా గోదాముల్లో ఉంచి, అడిగినవారికి దగ్గరి గోదాము నుంచి అందించటం వారి వ్యాపారం. నేడు సినిమాలు, వార్తలు, సాఫ్ట్‌వేర్ నవీకరణలు చాలావరకు ఇటువంటి కంటెంట్ పంపిణీ సంస్థల ద్వారానే మనకు చేరుతున్నాయి.

అడిగినవాడు ఎక్కడున్నాడో పంపిణీ సంస్థకు ఎలా తెలుస్తుంది? దీనికి పేర్ల పుస్తకాన్నే వాడుకున్నారు. ఒకే పేరుకు అడిగేవారి ఊరిని బట్టి వేర్వేరు చిరునామాలు చెప్పటం మొదలుపెట్టారు. జవాబు ఆయుష్షును 20 సెకన్ల వంటి స్వల్ప వ్యవధికి కుదించి, రద్దీని బట్టి ఎప్పటికప్పుడు మార్చగలిగే వీలు కల్పించుకున్నారు. ఆ క్షణం నుంచి పేర్ల పుస్తకం ఉత్త నిఘంటువు కాదు. రవాణా విభాగంలో ఒక భాగం.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. పంపిణీ సంస్థ సర్వరుకు కనిపించేది వాడుకరి కాదు, అతని తరఫున అడిగిన రిజాల్వర్. అది ఉన్న చోటే వాడుకరీ ఉంటాడని ఆ సంస్థ అనుకుంటుంది. రిజాల్వర్‌ను ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీయే నడుపుతున్నంత కాలం ఈ అంచనా చాలావరకు నిజమయ్యేది. 2006లో ఓపెన్ డీఎన్‌ఎస్, 2009 డిసెంబరులో గూగుల్ సంస్థవారి బహిరంగ రిజాల్వర్ వచ్చాక అది తప్పటం మొదలైంది. రోగి ఎదుట లేకుండా, అతని తరఫున వచ్చిన బంధువు నాడి చూసి మందు ఇచ్చినట్టయింది వ్యవహారం.

తేడా ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. లైప్‌జిగ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సరళరేఖలో సుమారు 300 కిలోమీటర్లు. అంటే పోయి రావటానికి 3 మిల్లీసెకన్లు. న్యూయార్క్‌కు సుమారు 6,400 కిలోమీటర్లు, పోయి రావటానికి 64 మిల్లీసెకన్లు. తీగలు సరళరేఖలో ఉండవు గనుక నిజమైన కాలం ఇంకా ఎక్కువ. సురక్షితమైన ఒక వెబ్ పుట తొలి అక్షరం రావటానికి ముందే ఇటువంటి రాకపోకలు రెండో మూడో జరగాలి. కాబట్టి చిరునామా చెప్పటంలో 10 మిల్లీసెకన్లు ఆదా చేసిన రిజాల్వర్, దూరపు గోదామును చూపితే, ఆ లాభానికి పదింతలు పైగా నష్టపెట్టగలదు. తొందరగా వచ్చిన జవాబు మంచి జవాబే కానక్కర్లేదు.

ఏది కొలవాలి?

రిజాల్వర్లను పోల్చే సాధారణ పరీక్షలు చాలావరకు జవాబు రావటానికి పట్టిన కాలాన్నే కొలుస్తాయి. పై లెక్కను బట్టి అది సగం పరీక్ష. సరైన పరీక్షకు మూడు కొలతలు కావాలి: జవాబు ఎంతసేపటికి వచ్చింది, అది ఏ గోదామును చూపింది, ఆ గోదాము నుంచి సరుకు ఎంత వేగంగా దిగింది.

వైద్యంలో మందులను పరీక్షించేటప్పుడు ఒకే రోగికి రెండు మందులూ వేర్వేరు వేళల్లో ఇచ్చి పోల్చే క్రాస్‌ఓవర్ పద్ధతి ఒకటుంది. రోగి తనకు తానే పోలిక అవుతాడు గనుక మనిషికీ మనిషికీ ఉండే తేడాలు అడ్డురావు. రిజాల్వర్ల పరీక్షకూ ఇదే తగిన పద్ధతి. ఒకే ఇంటి కనెక్షన్ నుంచి, ఒకే పేర్ల జాబితాను, రిజాల్వర్లను మార్చి మార్చి అడగాలి. మొదటిసారి అడిగిన పేరు రెండోసారికి రిజాల్వర్ జ్ఞాపకంలో ఉంటుంది గనుక రెండింటినీ విడివిడిగా లెక్కించాలి. సాయంత్రపు రద్దీ ఒకదాని మీద పడి ఇంకోదాని మీద పడకుండా వేళలను కలగలపాలి. మందు ప్రభావం దిగేదాకా ఆగినట్టు, జవాబుల ఆయుష్షు తీరేదాకా ఆగాలి.

ఈ దిశలో చెప్పుకోదగ్గ తొలి ప్రయత్నాలలో ఒకటి జర్మనీలోనే జరిగింది. 2010లో బెర్న్‌హార్ట్ ఆగర్, వోల్ఫ్‌గాంగ్ మ్యూల్‌బావర్, గియోర్గోస్ స్మరగ్దాకిస్, స్టీవ్ ఊలిగ్ బెర్లిన్ కేంద్రంగా ఒక అధ్యయనం ప్రచురించారు. 50కి పైగా వాణిజ్య ఇంటర్నెట్ కంపెనీల వలల లోపలి నుంచి, 10,000కు పైగా పేర్లను స్థానిక రిజాల్వర్‌నూ, గూగుల్‌నూ, ఓపెన్ డీఎన్‌ఎస్‌నూ అడిగించి జవాబులను పోల్చారు. తేలినవి రెండు. మొదటిది, ఇంటర్నెట్ కంపెనీ తన వల లోపలే సరుకు నకలు పెట్టుకుని ఉన్నా, బయటి రిజాల్వర్లు వాడుకరిని దాని దగ్గరికి పంపలేకపోతున్నాయి. రెండవది, స్థానిక రిజాల్వర్లన్నీ గొప్పవేమీ కావు. కొన్ని కంపెనీలవి బయటివాటి కంటే నెమ్మదిగా జవాబిచ్చాయి. ఎవరికి ఏది మేలన్నది ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారింది.

2011 నుంచి దీనికి ఒక మందు వాడుకలోకి వచ్చింది. రిజాల్వర్ తన ప్రశ్నతో పాటు వాడుకరి చిరునామాలోని మొదటి భాగాన్ని కూడా పంపిణీ సంస్థకు తెలియజేస్తుంది. ఇంటి నంబరు చెప్పకుండా వీధి పేరు చెప్పటం వంటిది. 2014లో ఆకమాయ్ ఈ పద్ధతిని విస్తృతంగా అమలు చేసింది. ఫలితాలను ఫాంగ్‌ఫే చెన్, రమేశ్ సీతారామన్, మార్సెలో టోరెస్ 2015లో ప్రకటించారు. బహిరంగ రిజాల్వర్లు వాడుకరులకు దూరంగా ఉన్న దేశాలలో, వాడుకరికీ అతనికి కేటాయించిన సర్వరుకూ మధ్య సగటు దూరం ఎనిమిదో వంతుకు తగ్గింది. సరుకు దిగే కాలం సగమైంది. తొలి అక్షరం రావటానికి పట్టే కాలం 30 శాతం తగ్గింది.

ప్రతి మందుకూ దుష్ఫలితం ఉన్నట్టే దీనికీ ఉంది. వీధి పేరు చెప్పటమంటే ఎవరు ఏమి అడుగుతున్నారో కొంత బయటపెట్టటమే. 2016లో ఈ పద్ధతిని నమోదు చేసిన ప్రమాణపత్రమే, దీనిని మామూలుగా ఆపి ఉంచమని సలహా ఇచ్చింది. 2017 నవంబరులో మొదలైన క్వాడ్‌నైన్ గోప్యతను తన ధ్యేయంగా చెప్పుకుంది. 9.9.9.9 అనే దాని ప్రధాన చిరునామాలో వీధి పేరు పంపదు. వేగం ముఖ్యమనుకునేవారికి 9.9.9.11 అని వేరే ద్వారం ఉంచింది. గోప్యతకూ వేగానికీ మధ్య ఎంపికను వాడుకరికే వదిలింది. 2021లో ఆ సంస్థ అమెరికా నుంచి స్విట్జర్లాండ్‌కు తన కేంద్రాన్ని మార్చుకుంది. దావా వచ్చిందీ ఆ సంవత్సరమే.

లైప్‌జిగ్‌లో వ్యాజ్యం

పేరు అడిగితే సరుకున్న చోటు చెప్పే వృత్తి లైప్‌జిగ్‌కు కొత్త కాదు. 19వ శతాబ్దంలో జర్మన్ పుస్తక వ్యాపారానికి ఆ నగరమే కూడలి. ఏ మారుమూల ఊరిలోని దుకాణదారుడైనా తనకు కావలసిన పుస్తకాల చీటీలను లైప్‌జిగ్‌లోని తన ప్రతినిధికి పంపేవాడు. అతడు వాటిని ఆయా ప్రచురణకర్తల ప్రతినిధులకు చేర్చేవాడు. జర్మన్ పుస్తక విక్రేతల సంఘం 1825లో అక్కడే పుట్టింది. జర్మన్ భాషలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ సేకరించే గ్రంథాలయం 1912లో అక్కడే వెలిసింది. సెన్సారు అధికారులకు కూడా, ఊరూరా పుస్తకాలు వెతకటం కంటే కూడలిలో కాపు కాయటం సులువు.

కూడలిలో కాపు కాయటమే క్వాడ్‌నైన్ వ్యాజ్యంలోనూ జరిగింది. ఒక రాక్ బృందపు ఆల్బమ్ పాటలు వేరే చోట అక్రమంగా దాచి ఉన్నాయి. వాటికి లంకెలు ఇచ్చే సైటు ఇంకొకటి. ఆ సైటు నిర్వాహకులు దొరకలేదు. అందుచేత సోనీ ఆ సైటు పేరుకు చిరునామా చెప్పే రిజాల్వర్ మీద దావా వేసింది. 2021 మే 12న హాంబుర్గ్ న్యాయస్థానం, జర్మనీలో ఆ చిరునామా చెప్పరాదని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఉల్లంఘిస్తే 2,50,000 యూరోల దాకా జరిమానా. అసలు వ్యాజ్యం లైప్‌జిగ్‌కు వచ్చింది.

క్వాడ్‌నైన్ పరిస్థితిలో ఒక మెలిక ఉంది. వైరస్‌లు వ్యాపింపజేసే సైట్ల పేర్లకు అది మొదటినుంచీ చిరునామా చెప్పదు. వాడుకరుల రక్షణ కోసం తానే పెట్టుకున్న నియమం అది. ఆ జాబితాకు ఇంకొక పేరు చేర్చటం కష్టమేమీ కాదన్నది దాని మీద ప్రయోగించదగిన బలమైన వాదం. వైరస్ సైటును ఆపటం వాడుకరి కోరి తెచ్చుకున్న రక్షణ, పాటల సైటును ఆపటం ఎవరో మూడో పక్షం కోరిన నిషేధం. యంత్రానికి రెండూ ఒకటే.

లైప్‌జిగ్ న్యాయస్థానం క్వాడ్‌నైన్‌ను కేవలం దారిలో అడ్డు తొలగించవలసిన మధ్యవర్తిగా కాక, నేరుగా ఉల్లంఘన చేసినదానిగా పరిగణించింది. విషయం తెలియజేసిన తరువాత కూడా చిరునామా చెబుతూనే ఉంది గనుక బాధ్యురాలే అన్నది తర్కం. అంతకు ముందు యూట్యూబ్ వంటి వేదికల మీద ఐరోపా న్యాయస్థానం చెప్పిన సూత్రాన్ని ఇక్కడికి తెచ్చింది. యూట్యూబ్ సరుకును తన దగ్గర ఉంచుకుంటుంది, క్వాడ్‌నైన్ ఉంచుకోదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమిడ్చినట్టుంది ఈ పోలిక.

ఆ ఏడాదే సోనీ జరిమానా కోరటంతో క్వాడ్‌నైన్ ఆ పేర్లను ప్రపంచమంతటా ఆపవలసి వచ్చింది. ఇది గమనించదగ్గ మలుపు. వాడుకరి ఏ దేశంలో ఉన్నాడో రిజాల్వర్ నిక్కచ్చిగా చెప్పలేదు. పంపిణీ సంస్థలను ఇబ్బంది పెట్టిన లోపమే ఇక్కడ న్యాయస్థానాల ఉత్తర్వులకూ ఎదురైంది. ఒక దేశపు ఉత్తర్వు ఆ దేశపు సరిహద్దు దగ్గర ఆగలేకపోయింది.

2023 డిసెంబరు 5న డ్రెస్డెన్ ఉన్నత న్యాయస్థానం లైప్‌జిగ్ తీర్పును తిరగవేసింది. రిజాల్వర్ పాత్ర యాంత్రికమైనది, తటస్థమైనది, నిష్క్రియమైనది అంది. సైటుకు చోటిచ్చిన సంస్థ మీద తీసుకోదగిన చర్యలన్నీ సోనీ తీసుకోలేదని కూడా అంది. అంతకు నెల ముందు కొలోన్ ఉన్నత న్యాయస్థానం ఇంకొక వ్యాజ్యంలో ఇంకా సూక్ష్మమైన గీత గీసింది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థకు కంటెంట్ పంపిణీ వ్యాపారమూ ఉంది, 1.1.1.1 అనే బహిరంగ రిజాల్వర్ కూడా ఉంది. పంపిణీ చేసినందుకు అది బాధ్యత వహించాలి, చిరునామా చెప్పినందుకు కాదు అని ఆ న్యాయస్థానం తేల్చింది. సరుకు మోసినవాడు వేరు, దారి చెప్పినవాడు వేరు. 2022లో ఐరోపా ఆమోదించిన డిజిటల్ సేవల చట్టం పీఠిక కూడా రిజాల్వర్లను కేవలం మోసుకుపోయే సేవల కోవలోనే పేర్కొంది.

తటస్థత ఒక పరీక్ష

డ్రెస్డెన్ తీర్పు న్యాయపరంగా సబబైనదే. కానీ అందులోని తటస్థం, నిష్క్రియం అన్న మాటలు బెర్లిన్ కొలతల ముందు పూర్తిగా నిలవవు. రిజాల్వర్ మారితే గోదాము మారుతుంది, వేగం మారుతుంది, ఒక్కోసారి సరుకే రాదు. ప్రభావం ఉందన్నది కొలిచి చూపిన సత్యం. అయితే ప్రభావం ఉండటం వేరు, అపరాధం ఉండటం వేరు. లైప్‌జిగ్ న్యాయస్థానం మొదటిది చూసి రెండోది ఉందనుకుంది. రెండోది లేదని చెప్పటానికి మొదటిదాన్ని కాదనవలసిన పని కూడా లేదు. తటస్థత ఒకరు ప్రకటించే గుణం కాదు. ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించి చూడగలగాల్సిన గుణం.

ఈ సంగతి మనకు దూరపు ముచ్చట కాదు. పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 2016 నవంబరులో హైదరాబాదులో సమావేశమైంది. అమెరికా ప్రభుత్వపు పెద్దరికం నుంచి ఆ వ్యవస్థ బయటపడి అప్పటికి నెల రోజులే. అంతకు ముందే 2011లో తెలుగు లిపిలో డాట్ భారత్ అనే పేరు మూల పట్టికకు ఎక్కింది. మన లిపిలో పేరు రాసుకునే హక్కు వచ్చింది. ఆ పేరుకు సరైన జవాబు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద ప్రభుత్వమూ, కాపీహక్కు వ్యాజ్యాలలో న్యాయస్థానాలూ సైట్లను ఆపమని ఇంటర్నెట్ కంపెనీలను ఆదేశిస్తుంటాయి. 2020లో కుశాగ్ర సింగ్, గురుషాబాద్ గ్రోవర్, వరుణ్ బన్సల్ ఆరు కంపెనీల కనెక్షన్ల మీద పరీక్షలు చేసి, ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో సైట్లను ఆపుతున్నదనీ, ఆపిన సైట్ల జాబితాలు కూడా ఒకదానితో ఒకటి పొసగటం లేదనీ చూపించారు. పేరుకు తప్పుడు జవాబివ్వటం ఆ పద్ధతులలో ఒకటి. ఒకే దేశం, ఒకే చట్టం. అయినా పొరుగింట్లో తెరుచుకునే పుట మనింట్లో తెరుచుకోకపోవచ్చు. అది నిషేధమో, యంత్రలోపమో, నెమ్మదితనమో సామాన్యుడికి తెలిసే వీలు లేదు.

ఆ వీలు కల్పించే సాధనం మాత్రం సిద్ధంగానే ఉంది. 2020 అక్టోబరులో వచ్చిన ఒక ప్రమాణం ప్రకారం, చిరునామా చెప్పకుండా ఆపిన రిజాల్వర్ కారణాన్ని కూడా ఒక అంకెతో తెలపవచ్చు. 15 అంటే నిర్వాహకుడే ఆపాడు. 16 అంటే బయటి శాసనం ఆపించింది. 17 అంటే వాడుకరి కోరిన వడపోత ఆపింది. వైరస్ సైటుకూ, న్యాయస్థానం ఆపించిన సైటుకూ యంత్రం చూపలేని తేడాను ఈ మూడు అంకెలు చూపుతాయి. వీటిని పంపమని రిజాల్వర్ నడిపేవారిని నిర్బంధించేదేమీ లేదు, వచ్చినా బ్రౌజరు వాటిని వాడుకరికి చూపాలన్న నియమమూ లేదు. దారి చెప్పనందుకు కారణం చెప్పే బాధ్యతను దారి చెప్పేవాడి మీద ఏ న్యాయస్థానమైనా మోపితే, అది లైప్‌జిగ్ మోపిన భారం కంటే తేలికైనదీ, వాడుకరికి ఎక్కువ మేలు చేసేదీ అవుతుంది.